షీహాలియన్: పేరు, కొలత, దారి

మన ప్రబంధకవులకు శైలవర్ణన అష్టాదశ వర్ణనలలో ఒకటి. ఆ వర్ణనల్లో ఏ కొండ అయినా ఒక్కలాగే ఉంటుంది: సెలయేళ్ళు, సిద్ధులు, కిన్నరమిథునాలు. ఆ కొండకు ఆ పేరు ఎవరు పెట్టారు, దానిమీద పశువులను మేపుకున్నదెవరు, దాని మీదుగా పోయే దారి ఎవరి కాళ్ళు వేసినది అన్న ప్రశ్నలు ఆ వర్ణనలకు అక్కరలేదు. పెద్దనగారి ప్రవరుడు హిమాలయానికి నడిచి పోలేదు. పాదలేపం పూసుకుని పోయాడు. లేపం కరిగిపోయిన తరవాతగాని అతనికి దారి అవసరం కాలేదు. అప్పుడు మాత్రం ఆ కొండమీద ఉన్నవారినే అడగవలసి వచ్చింది.

కొండ ప్రకృతికి చెందినదనీ, చరిత్ర మైదానాల్లోనూ నగరాల్లోనూ మాత్రమే జరుగుతుందనీ అనుకోవడం మన పూర్వకవుల భ్రమ మాత్రమే కాదు. నేటి పర్యాటక గ్రంథాలు కూడా అదే భ్రమను కొత్త భాషలో అమ్ముతున్నాయి. స్కాట్లండు ఉత్తరభాగంలోని కొండసీమను, హైలాండ్స్‌ను, అవి 'మనిషి చెయ్యి తగలని ప్రకృతి' అని వర్ణిస్తాయి. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చుకోడానికి ఈ వ్యాసంలో ఒక్క కొండను తీసుకుంటున్నాను. దాని పేరు షీహాలియన్. ఈ కొండ మనకు మూడు దస్తావేజులు మిగిల్చింది: ఒకటి దాని పేరు, రెండు దాన్ని కొలిచిన కొలత, మూడు దాని మీదికి పోయే దారి. మూడూ సామాన్యుల శ్రమలోనుంచి పుట్టినవే. మూడూ కాలక్రమాన స్వామ్యవర్గాల చేతుల్లోకి పోయినవే. కొంతమేరకు తిరిగి వచ్చాయి కూడా. ఎంతమేరకు అన్నదే మన ప్రశ్న.

స్కాట్లండు కొండతో మనకేమి పని అని అడిగే మిత్రులకు ఒక్క మాట. బ్రిటిష్ సామ్రాజ్యమంటే మనకు తెలిసినది సముద్రాలు దాటి వచ్చిన సామ్రాజ్యం. ఆ పాలకవర్గం భాషను అణచడం, భూమిని కొలిచి కాగితం మీద పెట్టుకోవడం, రైతును నేలనుంచి ఊడబెరకడం అన్న విద్యలను తన ఇంట్లో కూడా ప్రయోగించింది. ఇంట్లో జరిగిన ఆ కథ తెలిస్తే, మన ఇంటికి వచ్చిన కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

పేరు

షీహాలియన్ స్కాట్లండు నడిబొడ్డున, పెర్త్‌షైరు ప్రాంతంలో, రానోక్ సరస్సుకు ఆగ్నేయంగా ఉంది. దాని ఎత్తు 1,083 మీటర్లు. హిమాలయాలను చూసినవాడికి అదొక గుట్ట. పడమటి వైపునుంచి చూస్తే శంకువులాగా, తూర్పునుంచి చూస్తే పొడుగాటి వీపులాగా కనిపిస్తుంది. చుట్టుపక్కల కొండలతో కలవకుండా ఒంటరిగా నిలబడి ఉంది. ఈ ఒంటరితనమే తరవాత దాన్ని విజ్ఞానశాస్త్ర చరిత్రలోకి తీసుకుపోయింది.

పటాల మీద ఇంగ్లీషు అక్షరాలతో కనిపించే 'షీహాలియన్' అన్న శబ్దానికి ఇంగ్లీషులో అర్థం లేదు. అది గేలిక్ మాట. ఆ భాషలో పేరు 'షీ ఖాల్యన్'. 'షీ' అంటే నేల లోపల నివసించే అదృశ్యజనం ఉండే దిబ్బ. మన పల్లెల్లో పుట్టలోపల వేరే లోకం ఉందని చెప్పుకున్నట్టే అక్కడివాళ్ళు దిబ్బలోపల లోకం ఉందని చెప్పుకున్నారు. 'ఖాల్యన్' అంటే కాలెడోనియన్లకు చెందినది. అంటే ఇది 'కాలెడోనియన్ల మాయదిబ్బ'. కొందరు దీనికి 'కన్య స్తనం' అనీ, 'ఎడతెగని తుఫాను' అనీ అర్థాలు చెప్పారు. అందమైన అర్థాలే. కాని పాతిక మైళ్ళలోపు ఇదే మాట ఇంకా రెండు స్థలనామాలలో ఉంది. డంకెల్డ్ అన్న ఊరి గేలిక్ పేరు 'డూన్ ఖాల్యన్', కాలెడోనియన్ల కోట. దాని సమీపంలోని రొహాలియన్ 'రా ఖాల్యన్', కాలెడోనియన్ల గడి. కోట, గడి, కొండ మూడూ ఒకే జనం పేరు చెబుతూ ఉంటే, వాటిలో ఒక్కదానికి కవిత్వపు అర్థం కల్పించడం పాండిత్యమనిపించుకోదు.

ఎవరీ కాలెడోనియన్లు? క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ సేనాని అగ్రికోలా ఉత్తరానికి దండెత్తినప్పుడు ఎదిరించిన జనం. అగ్రికోలా అల్లుడైన టాసిటస్ ఆ యుద్ధాన్ని గురించి రాశాడు. గెలిచినవాళ్ళ గ్రంథంలోనే మనకు ఓడినవాళ్ళ సంగతి దొరుకుతున్నది. కాని కొండ పేరు అలా కాదు. కాలెడోనియన్లు గేలిక్ మాట్లాడినవాళ్ళు కారు. గేలిక్ తరవాతి శతాబ్దాలలో ఆ ప్రాంతానికి వ్యాపించిన భాష. అంటే వెనకటి జనాన్ని తరవాత వచ్చి కలిసిన జనం తమ భాషలో జ్ఞాపకం పెట్టుకున్నారన్నమాట. ఏ రాజూ శాసనం వేయించలేదు. పశువులు తోలుకుపోయేవాళ్ళు, పీటుమట్టి తవ్వి పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళు తరతరాలుగా నోటితో మోసిన దస్తావేజు అది.

గేలిక్‌లో కొండ మాటలు ఎన్నో ఉన్నాయి. మనకు కొండ, గుట్ట, తిప్ప, బోడు, కనుమ ఉన్నట్టే వాళ్ళకు 'బెన్', 'మియల్', 'కార్న్', 'స్గూర్', 'బ్యాలఖ్' ఉన్నాయి. గుండ్రటి కొండ వేరు, రాళ్ళగుట్ట వేరు, కోసుగా ఉండే శిఖరం వేరు, కనుమ వేరు. ఒక భాషలో నేలకు ఇన్ని పేర్లున్నాయంటే ఆ నేలమీద పని చేసిన చేతులు అన్ని ఉన్నాయని అర్థం.

ఈ భాష దానంతటదే క్షీణించలేదు. 1616లో స్కాట్లండు ప్రభుమండలి గేలిక్‌ను అనాగరికతకు ముఖ్యకారణాలలో ఒకటిగా పేర్కొని, దాన్ని రూపుమాపడం తన లక్ష్యమని శాసించింది. 1709లో ఏర్పడ్డ మతప్రచార విద్యాసంఘం మొదట్లో తన బడుల్లో గేలిక్ చదువును రానివ్వలేదు. 1745లో హైలాండు తెగలు కొన్ని స్టూవర్ట్ రాజవంశం పక్షాన తిరగబడి, 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయాయి. ఆ తరవాత ఆయుధాలనే కాదు, వాళ్ళ గళ్ళబట్టల వేషాన్ని కూడా చట్టం నిషేధించింది. రానోక్ ప్రాంతంలో స్ట్రూవన్ రాబర్ట్‌సన్ల ఎస్టేటును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఆ స్వాధీనపు ఎస్టేట్ల కమిషనర్లు కొండకిందనే ఉన్న కిన్లోక్ రానోక్ గ్రామాన్ని, సైన్యంనుంచి విడుదలైన సిపాయీలకోసం, పద్ధతి ప్రకారం పెంచారు.

ఆ ఊళ్ళోనే డూగల్డ్ బుకానన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. అతన్ని పెట్టినది ఇంగ్లీషును, ప్రభుత్వభక్తిని నేర్పడానికి. ఆయన ఆ పని చేస్తూనే గేలిక్‌లో భక్తిగీతాలు రాసి 1767లో ప్రచురించాడు. అదే సంవత్సరం వెలువడిన గేలిక్ కొత్త నిబంధన ముద్రణలో తోడ్పడ్డాడు. ఏలినవారి జీతం తింటూనే తన జనం భాషకు అచ్చు సంపాదించిపెట్టిన ఈ ఉపాధ్యాయుణ్ణి, ఉపాధ్యాయులం మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన రాసినది మతకవిత్వమే. కాని ఒక భాషను బడినుంచి వెళ్ళగొడుతున్న కాలంలో ఆ భాషలో ఏది అచ్చయినా అది ఆ భాష పక్షాన సాక్ష్యమే అవుతుంది.

1872 నాటి విద్యాచట్టం అందరికీ బడి నిర్బంధం చేసింది, గేలిక్‌కు మాత్రం అందులో చోటు లేకుండా చేసింది. 1891 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవారు రెండున్నర లక్షలకు పైగా ఉన్నారు. 2022 లెక్కల్లో వారు సుమారు 69,700 మంది. ప్రభుత్వ పటనిర్మాణశాఖ 19వ శతాబ్దంలో ఊరూరా తిరిగి పేర్లు నమోదు చేసినప్పుడు, ఏ పేరును ఎలా రాయాలో నిర్ణయించడానికి సాక్షులుగా ప్రధానంగా తీసుకున్నది భూస్వాములను, మతాచార్యులను, బడిపంతుళ్ళను. పేరును నోటిలో బతికించినవాడు ఆ సాక్షుల పట్టీలో అరుదు.

కొలత

1774 వేసవిలో షీహాలియన్ మీదికి ఒక విచిత్రమైన అతిథి వచ్చాడు. ఆయన ఇంగ్లండు రాజ్యపు ఆస్థాన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు నెవిల్ మాస్కెలిన్. ఆయన చెయ్యబోయే పని ఇంకా విచిత్రమైనది: ఈ కొండ సాయంతో మొత్తం భూగోళాన్ని తూచడం.

ఇందులోని సూత్రం కష్టమైనది కాదు. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకోడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. ఆ గుండు సరిగ్గా భూమికేంద్రం వైపు చూస్తుంది. కాని పక్కన పెద్ద కొండ ఉంటే, న్యూటన్ సిద్ధాంతం ప్రకారం ఆ కొండ కూడా గుండును తనవైపు లాగాలి. లాగుడు అత్యల్పం. అయినా దాన్ని కొలవగలిగితే, కొండ లాగుడుకూ భూమి లాగుడుకూ ఉన్న నిష్పత్తి తెలుస్తుంది. కొండ బరువు తెలిస్తే భూమి బరువు తెలుస్తుంది. 1738లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూగే దక్షిణ అమెరికాలోని చింబొరాజో మీద ఈ ప్రయత్నం చేశాడు. ఫలితం నిలకడగా రాలేదు. లండన్ రాయల్ సొసైటీ ఇందుకు అనుకూలమైన కొండకోసం 1773లో ఛార్లెస్ మేసన్‌ను వెదకమని పంపింది. ఆయన షీహాలియన్‌ను ఎంచాడు. ఒంటరిగా ఉండడం, తూర్పుపడమరలుగా సాగిన వీపు, ఉత్తర దక్షిణాలలో ఇంచుమించు సమానంగా దిగే నిటారు వాలులు దాని యోగ్యతలు. 1769లో శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించడానికి రాజు ఇచ్చిన డబ్బులో మిగిలినది ఖర్చుకు పనికివచ్చింది.

మాస్కెలిన్ కొండకు దక్షిణాన ఒకచోట, ఉత్తరాన ఒకచోట చిన్న పరిశీలనశాలలు వేయించి, దాదాపు నాలుగు నెలలు వానలో, మంచులో కాచుకున్నాడు. నడినెత్తిమీదికి వచ్చే 43 నక్షత్రాలను 337 సార్లు పరిశీలించాడు. నక్షత్రాలను గుండుదారంతో పోల్చి లెక్కిస్తే రెండు స్థలాల మధ్య ఒక తేడా వచ్చింది. నేలమీద గొలుసులతో కొలిచి లెక్కిస్తే అంతకంటె తక్కువ తేడా వచ్చింది. ఈ రెండింటి మధ్య వ్యత్యాసం 11.6 సెకండ్ల కోణం. ఒక డిగ్రీలో 3,600 సెకండ్లుంటాయి. అంత చిన్న ఒంపు రెండువైపులా కలిసి చెప్పిన సంగతి మాత్రం చాలా పెద్దది: కొండ నిజంగానే గుండును లాగుతున్నది, న్యూటన్ చెప్పినది నేలమీద కూడా నిజమే.

ఈ పనికి 1775లో మాస్కెలిన్‌కు రాయల్ సొసైటీవారి కాప్లీ పతకం వచ్చింది. ఇంతవరకు పాఠ్యగ్రంథాలు చెబుతాయి. కాని కొండ బరువు తెలియాలంటే కొండ ఆకారం అంగుళం అంగుళం తెలియాలి. ఆ కొలతకు 1774 నుంచి 1776 దాకా పట్టింది. ఆ పని చేసినవారు రూబెన్ బరో అన్న సహాయకుడు, విలియం మెన్జీస్ అన్న స్థానిక సర్వేయరు. గొలుసులు లాగినవాళ్ళు, బరువైన పరికరాలను రాళ్ళమీదుగా మోసినవాళ్ళు ఆ లోయల ప్రజలు.

వాళ్ళలో జనం చెప్పుకునే పేరు ఒక్కటి. డంకన్ రాబర్ట్‌సన్ అనే ఎర్రజుత్తు కుర్రవాడు వంటచేస్తూ, రాత్రుళ్ళు ఫిడేలు వాయిస్తూ శాస్త్రజ్ఞుల బృందంతో ఉండేవాడట. పని ముగిసిన సందర్భంలో జరిగిన విందులో గుడిసె తగలబడి అతని ఫిడేలు కాలిపోయిందనీ, మాస్కెలిన్ మాట ఇచ్చి లండన్‌నుంచి కొత్త ఫిడేలు పంపించాడనీ, ఆ ఫిడేలు మీద అతడు గేలిక్‌లో పాట కట్టాడనీ ఆ ప్రాంతపు కథనం. కథలో ఎంత నిజమున్నదన్నది అట్లా ఉంచండి. పండితుల ప్రపంచం భూమి బరువును జ్ఞాపకం పెట్టుకుంటే, లోయలోని జనం తమ పిల్లవాడి ఫిడేలును జ్ఞాపకం పెట్టుకున్నారు. చరిత్రకు రెండూ కావాలి.

కొలతలు చేతికి వచ్చాక వాటినుంచి ఫలితం పిండినవాడు ఛార్లెస్ హటన్. ఈయన న్యూకాసిల్ బొగ్గుగని కుటుంబంలో పుట్టి, యౌవనారంభంలో స్వయంగా గనిలో బొగ్గు తవ్వినవాడు. గణితం నేర్చుకుని 1773లో ఊలిచ్ సైనిక విద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. వేలకొద్ది లెక్కలు వేసి 1778లో ఆయన తేల్చినది, భూమి సగటు సాంద్రత నీటికంటె నాలుగున్నర రెట్లని. నేడు మనకు తెలిసినది అయిదున్నర రెట్లు. పొరపాటు ఎక్కువ భాగం కొండరాళ్ళ సాంద్రత సరిగా తెలియకపోవడంవల్ల వచ్చినదే. అయినా ఈ ఒక్క అంకెతో భూమి లోపల డొల్ల అన్న ఊహలు కొట్టుకుపోయాయి. చంద్రుడికీ, సూర్యుడికీ, గ్రహాలకూ మొదటిసారిగా సాంద్రతలు లెక్కకట్టడం సాధ్యమయింది. గందరగోళంగా ఉన్న కొలతల రాశిని దారిలో పెట్టడానికి హటన్ ఒకే ఎత్తులో ఉన్న బిందువులను గీతలతో కలిపాడు. నేడు భూగోళపాఠంలో మన విద్యార్థులు గీసే సమోన్నత రేఖలకు ఇది తొలి ప్రయోగాలలో ఒకటి. నేల లోపలికి దిగి బొగ్గు తవ్విన చెయ్యే నేల ఆకారాన్ని కాగితంమీద పెట్టింది.

రూబెన్ బరో కథ మనకు ఇంకా దగ్గరిది. ఇంగ్లండులో ఒక చిన్న రైతు కొడుకైన ఈయన, శ్రమ తనది, కీర్తి దొరలదని మాస్కెలిన్ మీద కోపం పెంచుకున్నాడు. తరవాత ఇండియాకు వచ్చి కలకత్తాలో సంస్కృతం నేర్చుకుని, భారతీయ గణితాన్ని అధ్యయనం చేశాడు. హిందువులకు బైనామియల్ సిద్ధాంతం తెలుసని వాదిస్తూ 1790లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. బెంగాలులో డిగ్రీ కొలతకు పూనుకుని, 1792లో బక్సరులో చనిపోయాడు. స్వదేశంలో తన శ్రమకు గుర్తింపు దొరకని మనిషి పరాయి జాతి మేధస్సుకు గుర్తింపు ఇవ్వడానికి ముందుకు రావడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఈ సర్వేవిద్యకు మన నేలతోనూ సంబంధముంది. 1802లో మద్రాసులో లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వేకు 1811లో మన గుత్తి దగ్గర ఒక ఆధారరేఖను కొలిచారు. ఆ సర్వే ఉత్తరానికి పోయాక హిమాలయం గుండును లాగుతున్నదా అన్న ప్రశ్న వచ్చింది. 1855లో ప్రాట్ లెక్కవేస్తే, హిమాలయం లాగవలసినంత లాగడం లేదని తేలింది. పర్వతాల అడుగున ఏమున్నదన్న భూగర్భశాస్త్ర చర్చ అక్కడినుంచి బయలుదేరింది. షీహాలియన్ మీద అడిగిన ప్రశ్నే మన దేశంలో కొత్త జవాబు చెప్పింది.

ఇక్కడ అభ్యుదయవాదులు ఒక పొరపాటు చెయ్యగూడదు. కలోడెన్ తరవాత హైలాండ్స్‌ను పటం గీసినది సైన్యం. 1747 నుంచి 1755 వరకు ఆ పని నడిపినవాడు విలియం రాయ్. షీహాలియన్‌కు తూర్పుగా పోయే బాట కూడా జనరల్ వేడ్ సిపాయీలకోసం వేయించిన బాటే. కాబట్టి కొలతంతా దోపిడీయే, విజ్ఞానమంతా పాలకుల కుట్రే అని కొట్టివేయడం తేలిక. కాని భూమి సాంద్రత ఏ భూస్వామి సొత్తూ కాదు. అది మానవజాతి జ్ఞానం. గనికార్మికుడి బుద్ధీ, గొలుసు లాగిన కూలి చెమటా అందులో ఉన్నాయి. మన తగాదా కొలతతో కాదు. కొలిచిన నేలను ఎవరు అనుభవించారన్న దానితో.

ఖాళీ అయిన లోయలు

షీహాలియన్‌కు దక్షిణాన ఉన్న లోయను గ్లెన్ మోర్, పెద్దలోయ, అంటారు. అక్కడ గడ్డిలో మునిగిన రాతి పునాదులున్నాయి. వేసవిలో ఊరి పశువులను కొండమీదికి తోలుకుపోయి, ఆడవాళ్ళు, పిల్లలు అక్కడే ఉండి పాలు పితికి, వెన్న, జున్ను చేసుకున్న వేసవి మకాముల శిథిలాలవి. 'మనిషి చెయ్యి తగలని ప్రకృతి' అన్న మాటకు ఈ రాళ్ళే జవాబు.

18వ శతాబ్దం ఉత్తరార్ధంనుంచి హైలాండు భూస్వాములకు కౌలురైతులకంటె గొర్రెలు లాభసాటిగా కనిపించాయి. తెగకు పెద్దగా ఉన్నవాడు చట్టం దృష్టిలో భూమికి యజమాని అయ్యాడు. తెగజనం అతని దయమీద ఆధారపడ్డ కౌలుదార్లయ్యారు. సదర్లండు ఎస్టేటులో 1814 నుంచి 1820 దాకా పదిహేనువేలమందిని వెళ్ళగొట్టిన తీరును మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, ఆదిమ సంచయనాన్ని వివరించే భాగంలో ఉదాహరణగా తీసుకున్నాడు. అది దూరపు ఉత్తరం. షీహాలియన్‌కు దక్షిణంగా ఉన్న టే సరస్సు తీరాన కూడా, 1834 తరవాత, బ్రెడాల్బేన్ ప్రభువు కుటుంబాలను ఖాళీ చేయించాడు. కొందరు పట్నాల మిల్లుల్లోకి, కొందరు కెనడాకు, కొందరు సైన్యంలోకి పోయారు. షీహాలియన్‌కు సమీపంలోని అబర్‌ఫెల్డీలోనే 1740లో బ్లాక్ వాచ్ హైలాండు రెజిమెంటు మొదటిసారి కవాతు చేసింది. అటువంటి రెజిమెంట్లు తరవాత మన దేశంమీదికి కూడా వచ్చాయి. నేల పోగొట్టుకున్నవాడి చేతికే తుపాకి ఇచ్చి ఇంకొకడి నేలమీదికి పంపడం సామ్రాజ్యవాదపు పాత విద్య.

గొర్రెల లాభం తగ్గాక జింకలు వచ్చాయి. ధనికుల వేటకోసం విడిచిపెట్టిన బీళ్ళకు 'జింకల అడవులు' అని పేరు. అడవి అన్న పేరేగాని వాటిలో చాలాచోట్ల చెట్లుండవు. 1912 నాటికి ఇటువంటివి స్కాట్లండులో 35 లక్షల ఎకరాలు దాటాయి. 1880లలో విన్యన్స్ అనే అమెరికన్ కోటీశ్వరుడు ఇటువంటి వేటభూములను రెండు లక్షల ఎకరాలకు పైగా తన చేతికింద పెట్టుకుని, ఒక పేదవాడి పెంపుడు గొర్రెపిల్ల తన వేటభూమిలో గడ్డి తిన్నదని కోర్టుకెక్కాడు. 1885లో ఓడిపోయాడు.

ఈలోగా 1882లో స్కై దీవిలోని బ్రేస్ గ్రామాలవాళ్ళు పోలీసులను రాళ్ళతో ఎదుర్కున్నారు. ఆ ఉద్యమ ఫలితమే 1886 నాటి క్రాఫ్టర్ల చట్టం. చిన్నకమతదారును వెళ్ళగొట్టకుండా అది హక్కు ఇచ్చింది. కాని ఆ చట్టం వర్తించిన జిల్లాలలో పెర్త్‌షైరు లేదు. షీహాలియన్ చుట్టూ ఉన్న గేలిక్ రైతుకు ఆ రక్షణ దొరకలేదు. పోరాడినచోట భాష, ఊరు కొంత మిగిలాయి. చట్టపు గీతకు ఇవతల ఉన్న పెర్త్‌షైరులో స్థానిక గేలిక్ యాస నేడు ఇంచుమించు అంతరించింది. భూమిహక్కుకూ భాష బ్రతుకుకూ ఉన్న సంబంధానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

దారి

జనం పోయిన తరవాత నడక కూడా నేరమయింది. 1847లో ఎడింబరో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు బాల్ఫోర్ తన విద్యార్థులతో మొక్కలు సేకరిస్తూ, షీహాలియన్‌కు ఈశాన్యంగా ఉన్న గ్లెన్ టిల్ట్ లోయలో పోతూ ఉంటే, అథోల్ డ్యూకు స్వయంగా అనుచరులతో అడ్డగించాడు. తరతరాలుగా జనం నడిచిన దారి అది. ప్రజామార్గాల రక్షణసంఘం ఆ దారికోసం కోర్టుల్లో పోరాడి, ప్రభువుల సభదాకా పోయి గెలిచింది. ఒక ఆచార్యుడు, కొందరు విద్యార్థులు ప్రారంభించిన తగాదా అది. మన పాఠకులకు ఆ సంగతి ఉత్సాహం కలిగించాలి.

1884లో జేమ్స్ బ్రైస్ కొండలమీద నడిచే హక్కుకోసం పార్లమెంటులో బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు, మళ్ళీ మళ్ళీ పెట్టినా నెగ్గలేదు. 1891లో సర్ హ్యూ మన్రో మూడువేల అడుగులు దాటిన కొండల పట్టిక ప్రచురించాడు. షీహాలియన్ కూడా అందులో ఒకటి. నేడు ఆ కొండలను 'మన్రోలు' అనే పిలుస్తారు. గేలిక్ జనం ఒక్కొక్క కొండకూ ఒక్కొక్క పేరు పెట్టి వదిలిపోతే, అన్నిటికీ కలిపి ఒక భూస్వామి ఇంటిపేరు వచ్చి చేరింది. 1930లలో క్లైడ్ తీరపు ఓడరేవుల నిరుద్యోగులు శనిఆదివారాలు కొండలకు నడిచి, గుహల్లో పడుకుని, పర్వతారోహణను పెద్దమనుషుల క్లబ్బులనుంచి బయటికి లాగారు. ఇంగ్లండులో 1932లో కిండర్ స్కౌట్ కొండమీదికి కార్మిక యువకులు నిషేధాన్ని ధిక్కరించి ఎక్కి, కొందరు జైలుకు పోయారు. చివరికి 2003లో స్కాటిష్ పార్లమెంటు భూసంస్కరణ చట్టం చేసింది. బాధ్యతతో నడిచే ఎవరైనా, భూమి ఎవరిదైనా సరే, కొండలమీద తిరగవచ్చు. బ్రైస్ బిల్లుకూ ఈ చట్టానికీ మధ్య 119 సంవత్సరాలు.

షీహాలియన్ మీదికి నేడు ఎక్కువమంది తూర్పునుంచి, బ్రేస్ ఆఫ్ ఫాస్ అన్న చోటునుంచి ఎక్కుతారు. మొదట హెదర్ పొదల బీడు. దారిపక్కన చరిత్రపూర్వకాలపు మనుషులు చిన్న గిన్నెల్లాంటి గుంటలు తొలిచిన బండ. తరవాత తూర్పు భుజం, అక్కడినుంచి చివరిదాకా క్వార్ట్జైటు రాళ్ళగుట్ట. అందులో దారి కనిపించదు, రాయినుంచి రాయికి అడుగువెయ్యడమే. రానుపోను సుమారు 10 కిలోమీటర్లు. పడమట కిన్లోక్ రానోక్ వైపు, టెంపర్ నుంచి ఎక్కే దారి నిటారైనది, జనం తక్కువ. శిఖరంనుంచి పడమట రానోక్ సరస్సు, దక్షిణాన లోయర్స్ కొండలు కనిపిస్తాయి.

పాత తూర్పుదారి వేలమంది కాళ్ళకింద నలిగి, బురదలో పక్కలకు వెడల్పై, కొండవీపుమీద దూరంనుంచి కూడా కనిపించే గాయమయింది. 1999లో జాన్ మ్యూర్ ట్రస్టు అనే సంస్థ కొండ తూర్పుభాగాన్ని కొని, 2003 నాటికి కొత్త దారి నిర్మించి, పాతగాయాన్ని మాన్పే పని చేపట్టింది. దారి అంటే కాళ్ళవల్ల తనంతట ఏర్పడేది మాత్రమే కాదని, రాయి రాయి పేర్చే కూలి శ్రమ అని ఇక్కడ కళ్ళకు కనిపిస్తుంది. నడిచే హక్కును చట్టం ఇస్తుంది. నడిచే దారిని చేతులే ఇస్తాయి.

ఏది తిరిగి వచ్చింది

మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. దారి తిరిగి వచ్చింది. కొలత అందరి విజ్ఞానంలో కలిసిపోయింది. పేరుకు గౌరవం కొంత తిరిగి వచ్చింది: 2005లో గేలిక్ భాషాచట్టం, 2025లో ఆ భాషకు అధికారభాష హోదా ఇచ్చిన చట్టం వచ్చాయి. ఇవి చిన్న విజయాలు కావు. ఏ ప్రభువూ వీటిని దానంగా ఇవ్వలేదు.

కాని ఈ విజయాల మధ్య ఒక ఖాళీ ఉంది, దాన్ని చూడకుండా సంతోషపడితే ఆత్మవంచన అవుతుంది. గ్లెన్ మోర్‌లో నడిచే హక్కు అందరికీ వచ్చింది. అక్కడ పశువులు మేపుకుని బతికే మనుషులు మాత్రం తిరిగి రాలేదు. 'షీ ఖాల్యన్' అని సరిగా రాసిన బోర్డు పెట్టవచ్చు. ఆ మాటను ఇంట్లో తల్లి నోట విన్న పిల్లవాడు ఆ కొండకింద ఇంచుమించు లేడు. జనాన్ని తరిమి ఖాళీచేసిన నేలను చూసి 'ఎంత నిర్మలమైన ప్రకృతి!' అని ఆనందించే యాత్రికుడు, తనకు తెలియకుండానే, వెళ్ళగొట్టినవాడి పనిని మెచ్చుకుంటున్నాడు. స్కాట్లండు పల్లెభూమిలో అధికభాగం నేటికీ కొన్నివందల యజమానుల చేతుల్లోనే ఉంది. 1993లో అసింట్ రైతులు, 1997లో ఎయిగ్ దీవి ప్రజలు తమ నేలను తామే కొనుక్కున్నారు. అసలు దారి అటు ఉంది.

నడిచే హక్కు మంచిదే. బతికే హక్కుతో కలిసినప్పుడే అది పూర్తి అవుతుంది. నేలమీద మనిషి లేకుండా నేల పేరును కాపాడడం సమాధిరాతిని తుడవడం వంటిది. మన దేశంలోనూ కొండలకు పేర్లు పెట్టినవాళ్ళు, వాటిమీద దారులు వేసినవాళ్ళు, వాటిని కొలిచిన సర్వేయర్ల గొలుసులు మోసినవాళ్ళు ఉన్నారు. ఇక మీదట మన విద్యార్థులు ఏ కొండ ఎక్కినా, శిఖరం ఎంత ఎత్తు అని అడిగే ముందు, ఈ కొండకు ఈ పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారని అడగాలి.